వాక్యూమ్ పాఠాలు – 4: ముల్లు 28 దగ్గరే ఆగిపోతోందా?

ఈసారి అచ్చుల సిలికాన్‌లోంచి పంపుతో గాలి బుడగలు లాగేసే పనిలోకి దిగుదామనుకున్నాను. ముందు పోయిన పాఠం తెచ్చిపెట్టిన గోల తేలాలి. డేక్సా, మూత, పైపు బిగించి వాక్యూమ్ పంపు వేసి చూడమన్నానా, సగం మంది చెప్పింది ఒకటే: "గేజీ ముల్లు 28 ఇంచులు దాటట్లేదు, 29 రావట్లేదు, ఎక్కడో లీకుంది." ఒకాయన మళ్లీ రాణీగంజ్ వెళ్లి కొత్త వాల్వు కొనుక్కొచ్చారు. ఇంకొకరు టెఫ్లాన్ టేపు చుట్టీ చుట్టీ ఇత్తడి జాయింటునే పగలగొట్టారు. ఒకావిడ శుభ్రంగా పనిచేస్తున్న పంపును వాపసు ఇచ్చేశారు.

లీకు లేదు. మీరు హైదరాబాద్‌లో ఉన్నారు, అంతే.

డేక్సాలో ఎంత గాలి మిగిలిందో డయల్ గేజీకి తెలియదు. బయటి గాలి కన్నా లోపల ఒత్తిడి ఎంత తగ్గిందో మాత్రమే అది చూపిస్తుంది. బయట ఎంతుందో అంతకు మించి తగ్గడానికి ఏముంటుంది? సముద్రమట్టం దగ్గర గాలి ఒత్తిడి పాదరసం లెక్కన 760 మిల్లీమీటర్లు, అంటే 29.92 ఇంచులు. మన ఊరు దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ ఆ ఒత్తిడి 713 మిల్లీమీటర్లకు అటూ ఇటుగా ఉంటుంది, అంటే 28 ఇంచులు. అల్పపీడనం వచ్చిన రోజున ఇంకో పిసరు తక్కువే. ఇదే పంపునూ ఇదే డేక్సానూ విశాఖ బీచ్‌కి పట్టుకెళితే ముల్లు దాదాపు రెండించులు ఎక్కువ చూపిస్తుంది. లోపలున్న సిలికాన్‌కి మాత్రం ఏ తేడా ఉండదు.

కాబట్టి ఇక్కడ మీ గేజీ 29 చూపిస్తే సంబరపడకండి, అనుమానించండి. మనం కొనే చవక గేజీలు చాలావరకు 2.5 శాతం తరగతివి. 30 ఇంచుల డయల్ మీద అది ముప్పాతిక ఇంచు తేడా. పంపు ఆపి, గాలి వదిలాక ముల్లు సున్నా మీదికి వస్తోందో లేదో ముందు చూడండి. ఈ ఒక్క పని చేయకుండా లీకుల వెంట పడేవాళ్లంటే నాకు ఒళ్లు మంట.

మరి సిలికాన్ డబ్బాతో వచ్చే కాగితం 29 ఇంచులు కావాలంటుంది కదా? అది సముద్రమట్టం లెక్క. 29.92లోంచి 29 పోతే 0.92. అంటే లోపల 0.92 ఇంచుల ఒత్తిడి మిగిలితే చాలని దాని అర్థం. మన 28లోంచి ఆ 0.92 తీసేయండి. ముల్లు 27 దాటితే మీరు చేరాల్సిన చోటికి చేరినట్టే. బెంగళూరు ఇంకా ఎత్తు, అక్కడివాళ్లకు 26 చాలు.

గేజీని నమ్మలేకపోతే నీళ్లను నమ్మండి. 25 డిగ్రీల దగ్గర నీళ్లు మరగాలంటే ఒత్తిడి 24 మిల్లీమీటర్లకు పడిపోవాలి. పై లెక్కలోని 0.92 ఇంచులంటే ఇంచుమించు అదే. గ్లాసు అడుగున చెంచాడు నీళ్లు పోసి, రెండు ఇసుక రేణువులు వేసి, థర్మామీటరు పెట్టి 25కి తెచ్చుకోండి. ఎండాకాలమైతే ఫ్రిజ్ నీళ్లు కాసిని కలపాలి. గ్లాసును డేక్సాలో పెట్టి పంపు వేయండి. మొదట సన్నటి బుడగలు లేస్తాయి, అది నీళ్లలో కరిగిన గాలి, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. కాసేపటికి అడుగు నుంచి కుతకుతమంటే పంపూ డేక్సా రెండూ బాగున్నాయి, ఇక వాటి జోలికి పోకండి. తర్వాత పంపు గ్యాస్ బ్యాలస్ట్ (పంపులోకి కాస్త బయటి గాలిని వదిలే చిన్న వాల్వు) తెరిచి పావుగంట ఉత్తినే నడపండి, లేకపోతే ఆవిరి చేరి పంపు నూనె మజ్జిగ రంగుకి మారుతుంది.

నిజంగా లీకుందేమో చూడటం వేరే పని. ఖాళీ, పొడి డేక్సాలో వాక్యూమ్ పెట్టి, వాల్వు మూసి, ఆ తర్వాతే పంపు ఆపండి. ముల్లు ఎక్కడుందో పంపు ఆపగానే ఒకసారి, అయిదో నిమిషంలో ఒకసారి, పదో నిమిషంలో ఒకసారి రాసుకోండి. మొదటి అయిదింటిలో ఎక్కువ పడి, తర్వాత నెమ్మదిస్తే అది లోపలి తేమ. రెండుసార్లూ సమానంగా పడితే లీకు. సబ్బు నురగ పూయకండి, గాలి లోపలికి పోతుంటే బుడగ బయటికెలా వస్తుంది? ఒక్కో జాయింటునూ విడిగా మూసి చూసుకోవడమే దారి.

కరెంటు పోతే ముందు వాల్వు మూయాలి, లేకపోతే నూనె పైపులోంచి డేక్సాలోకి వచ్చేస్తుంది. యాక్రిలిక్ మూతను థిన్నర్‌తోనో స్పిరిట్‌తోనో తుడవద్దు, గీతలు పడి బీటలు వారుతుంది. 25 సెంటీమీటర్ల వెడల్పు మూత మీద ఇక్కడ కూడా 475 కిలోల దాకా బరువుంటుంది మరి. నా ఓటు దళసరి స్టీలు డేక్సాకే. గాజు గిన్నెల గురించి నన్నడగొద్దు.

చవితి బొమ్మల అచ్చులకోసం ధూల్‌పేటలో పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) నమూనాలు కొన్నవాళ్లు వాటిని బాగా ఎండబెట్టి, సీలర్ పూశాకే డేక్సాలో పెట్టండి. శ్రావణ మాసపు తేమ పట్టిన పీఓపీ వాక్యూమ్‌లో బుడగలు కక్కుతూనే ఉంటుంది. పాలియెస్టర్ రెజిన్ అసలు పెట్టొద్దు. దాంట్లోని స్టైరిన్ అనే ద్రవం మరుగుతుంది, ఆ బుడగలు ఎంతసేపున్నా తగ్గవు.

ఇక అభ్యాసం. ఒకే సిలికాన్‌ను మూడుసార్లు విడివిడిగా కలపండి. కప్పులో అయిదో వంతు మించి పోయకండి, పాలు పొంగినట్టు పొంగుతుంది. ఒకటి 20 దగ్గర, ఒకటి 24 దగ్గర, ఒకటి 27 దగ్గర ఆపండి. 27కి పోయిన కప్పులో పొంగు విరిగి కిందికి పడ్డాక ఇంకో రెండు నిమిషాలు ఉంచండి. మిగతా రెండూ పొంగినా, పొంగకపోయినా అంతే సేపు ఉంచండి. గాలి మెల్లగా వదలండి. గట్టిపడ్డాక మూడింటినీ బ్లేడుతో నిలువునా కోసి, కోసిన ముఖం మీద బుడగలు లెక్కపెట్టండి. ముక్కల వెనక ముల్లు అంకె మార్కర్‌తో రాసి దాచండి. వచ్చే పాఠంలో పని వాటితోనే.