తెల్లమచ్చ వైరస్ డీఎన్‌ఏను గుర్తించే ధనావేశ పాలిమర్‌ను రూపొందించే విధానం

భీమవరం పరిసరాల్లో వనామి సాగుచేసే రైతులు తెల్లమచ్చ వ్యాధి సోకిందన్న అనుమానం రాగానే రొయ్యను ల్యాబ్‌కు పంపి పీసీఆర్ (డీఎన్‌ఏ భాగాన్ని అనేక రెట్లు పెంచి గుర్తించే పరీక్ష) చేయిస్తారు. ఆ వైరస్ జన్యుపదార్థం సుమారు 300 కిలోబేసుల (మూడు లక్షల బేస్ జతల) పొడవున్న రెండు పోగుల డీఎన్‌ఏ కనుక, కాంతినిచ్చే పాలిమర్‌తో సెన్సర్ తయారుచేయాలనుకునే విద్యార్థికి అది తగిన లక్ష్యమే.

ముందుగా నిర్ణయించుకోవలసింది పాలిమర్‌ను కాదు, ప్రోబ్‌ను, అంటే లక్ష్య డీఎన్‌ఏతో మాత్రమే జతకట్టే చిన్న పోగును. డీఎన్‌ఏలోని ఫాస్ఫేట్లు ఋణావేశం కలవి కాబట్టి ధనావేశ పాలిమర్ వైరస్ డీఎన్‌ఏకూ, రొయ్య డీఎన్‌ఏకూ ఒకేలా అతుక్కుంటుంది. తేడా పట్టవలసింది ఆవేశం లేని పీఎన్‌ఏ (డీఎన్‌ఏను పోలి ఉండి, ఫాస్ఫేట్లు లేని కృత్రిమ అణువు) ప్రోబ్. దాని కొసన ఫ్లోరెసీన్ అనే ఆకుపచ్చ కాంతినిచ్చే రంగును ఉంచితే, లక్ష్యంతో జతకట్టినప్పుడే ఆ జంటకు ఋణావేశం వచ్చి పాలిమర్‌ను దగ్గరకు లాగుతుంది, పాలిమర్ గ్రహించిన శక్తి ఫ్లోరెసీన్‌కు చేరుతుంది. గేలార్డ్, హీగర్, బజాన్ అనే శాస్త్రవేత్తలు 2002లో చూపిన మార్గం ఇదే.

ఫ్లువోరీన్ అనే మూడు వలయాల హైడ్రోకార్బన్‌నూ ఫినైలీన్ అనే బెంజీన్ వలయాన్నీ సుజుకి చర్యతో (పల్లాడియం ఉత్ప్రేరకంతో వలయాలను జతచేసే చర్య) కలిపిన గొలుసు 380 నానోమీటర్ల దగ్గర కాంతిని గ్రహించి, 420 దగ్గర వెలువరిస్తుంది. ఆ ఉద్గారపు తోక 490 దగ్గర గ్రహించే ఫ్లోరెసీన్‌పై పడుతుంది. ఈ శక్తి బదిలీ వేగం దూరం ఆరో ఘాతానికి విలోమంగా తగ్గుతుంది కనుక, ఆవేశాన్ని మోసే పక్కగొలుసులను అవసరానికి మించి పొడిగించకూడదు. మొదట బ్రోమోహెక్సిల్ కొసలున్న తటస్థ పాలిమర్‌ను తయారుచేసి, అణుభారం కొలిచి, పల్లాడియం అవశేషాలను తొలగించిన తరువాతే, ఆ కొసలకు ధనావేశం ఇచ్చే ట్రైమిథైలమీన్ కలపాలి. సగం చర్య జరిగేసరికి పాలిమర్ టీహెచ్‌ఎఫ్ అనే ద్రావణిలో కరగక అడుగున చేరుతుంది. అప్పుడు నీరు పోసి కరిగించి, మళ్ళీ అమీన్ కలపాలి.

నా దృష్టిలో అసలు చిక్కు ఉప్పుతోనే. ఆవేశాల ఆకర్షణ పనిచేసే దూరం 10 మిల్లీమోలార్ ఉప్పులో 3 నానోమీటర్లయితే, 150 మిల్లీమోలార్‌లో 0.8కి పడిపోతుంది. డెల్టా చెరువుల ఉప్పునీటిని నేరుగా వాడాలన్న ఆలోచన అందుకే నిలవదు. మొప్పల నుంచి డీఎన్‌ఏ తీసి, శుద్ధిచేసి, తక్కువ ఉప్పున్న బఫర్‌లోకి (ఆమ్లత మారకుండా ఉంచే ద్రావణం) మార్చాలి. తక్కువ ఉప్పు పీఎన్‌ఏకు కూడా అనుకూలమే: 95 డిగ్రీల వద్ద విడదీసిన డీఎన్‌ఏ పోగులు అక్కడ తిరిగి జతకట్టడం కష్టమవుతుంది గానీ, ఆవేశం లేని పీఎన్‌ఏకు ఆ ఇబ్బంది ఉండదు. అయితే శుద్ధిచేసిన ద్రవంలోనూ రొయ్య డీఎన్‌ఏ ఎక్కువగా ఉండి పాలిమర్‌ను పీల్చేసుకుంటుంది కనుక, లక్ష్య భాగాన్ని ముందుగా పీసీఆర్‌తో పెంచుకోవడం మేలు.

పాలిమర్‌ను ఒక్కసారిగా పోయకుండా కొద్దికొద్దిగా చేరుస్తూ, 380 వద్ద ఉత్తేజపరచి, ఫ్లోరెసీన్ ఆకుపచ్చ, పాలిమర్ నీలి కాంతుల నిష్పత్తిని చూడాలి. ధన, ఋణ ఆవేశాలు సమమయ్యే ప్రాంతంలో అది గరిష్ఠానికి చేరి, మిగులు పాలిమర్ నీలికాంతి వల్ల తగ్గుతుంది. వైరస్ లేని రొయ్య డీఎన్‌ఏతో కూడా ఆకుపచ్చ కనిపిస్తే, పీఎన్‌ఏ నీటికి ఒదగని భాగాల ద్వారా పాలిమర్‌కు అంటుకుంటోందని అనుమానించి, బఫర్‌లో కొంత ఇథనాల్ కలిపి మళ్ళీ కొలవాలి.