మెల్‌బోర్న్ నుంచి అడిలైడ్‌కు క్యాంపర్‌వ్యాన్‌లో: బయలుదేరే ముందు జాగ్రత్తలు

డిసెంబరు, జనవరి సెలవుల్లో ఆస్ట్రేలియా సముద్రతీరం వెంట సాగే గ్రేట్ ఓషన్ రోడ్డు మీదుగా అడిలైడ్ వెళ్లదలచినవారు క్యాంపర్‌వ్యాన్ (పడక, వంట సదుపాయాలున్న వ్యాన్) అద్దెకు తీసుకునే ముందే వీటిని సరిచూసుకోవాలి.

• సూర్యాస్తమయానికి ముందే బస చేరేలా ఏ రోజు ఎంత దూరమో నిర్ణయించుకోండి. సంధ్యవేళ, తెల్లవారుజామున కంగారూలు రోడ్డు మీదికి వస్తాయి. పట్టణాల వెలుపల రాత్రిపూట జంతువును ఢీకొంటే బీమా వర్తించదని కొన్ని అద్దె ఒప్పందాల్లో ఉంటుంది కనుక, ప్రాణాపాయంతో పాటు మరమ్మతు ఖర్చంతా మీ మీదే పడవచ్చు.

• మట్టి రోడ్లు, వ్యాన్ పైకప్పుకు తగిలే దెబ్బల గురించిన నిబంధనలు కూడా చదవండి. బీమా ఎక్కువగా మినహాయించేది వీటినే.

• మౌంట్ గాంబియర్ పట్టణం వైపు సౌత్ ఆస్ట్రేలియా రాష్ట్ర సరిహద్దు దాటకముందే తాజా పండ్లు, టమాటాలు, పచ్చిమిర్చి వాడేయండి. పండ్లను పాడుచేసే పండుఈగ వ్యాపించకుండా ఆ రాష్ట్రం వీటిని అనుమతించదు, పట్టుబడితే జరిమానా వేస్తారు. మన వంటకు కావలసినవి అక్కడికి చేరాక కొనుక్కోవడమే మేలు.

• క్యాంపు స్థలాన్ని ముందే బుక్ చేసుకోండి, ఎందుకంటే సముద్రతీర పార్కింగ్ స్థలాల్లో రాత్రి నిద్రించనివ్వరు.

• రోజూ ఉదయం అగ్నిప్రమాద హెచ్చరికలు చూడండి. టోటల్ ఫైర్ బ్యాన్ (ఆరుబయట నిప్పు రాజేయడంపై నిషేధం) ఉన్న రోజున ఆరుబయట వంటపై కఠినమైన ఆంక్షలుంటాయి.

• వీలైతే పడమటి దిశగానే ప్రయాణించండి. సముద్రం ఎడమవైపే ఉంటుంది కనుక, వ్యూపాయింట్ల దగ్గర ఎదురు వాహనాలను దాటి మలుపు తిరగవలసిన పని చాలావరకు తప్పుతుంది.