జీతంలో తేడా వచ్చిందా? అమెరికాలో పనిచేసే మనవాళ్ల కోసం సమస్య - పరిష్కారం

అమెరికాలో జీతం, పనిగంటల విషయంలో రెండు చట్టాలు ఒకేసారి నడుస్తుంటాయి. ఒకటి దేశమంతటికీ వర్తించే (ఫెడరల్) 1938 నాటి ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ యాక్ట్. రెండోది మీరు పనిచేసే రాష్ట్రం సొంతంగా చేసుకున్నది. రెంటిలో పనిచేసేవాళ్లకు ఏది ఎక్కువ మేలైతే అదే చెల్లుతుంది. ఫెడరల్ కనీస వేతనం 2009 నుంచి గంటకు 7.25 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. టెక్సాస్‌లో ఇప్పటికీ అంతే. కాలిఫోర్నియా, న్యూజెర్సీల్లో దానికి రెట్టింపు దాటింది. అందుకే టెక్సాస్‌లోని డల్లాస్‌లో ఉన్న స్నేహితుడి సలహా న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉన్న మీకు పనికిరాకపోవచ్చు. ముందు తేల్చుకోవాల్సింది పని ఏ రాష్ట్రంలో చేశారన్నదే.

సమస్య: వారానికి 55 గంటలు చేస్తున్నా ఓవర్‌టైమ్ ఇవ్వడం లేదు

కారణం: "నీది శాలరీ కదా, ఓవర్‌టైమ్ రాదు" అని ఓనర్ చెప్పి ఉంటారు. శాలరీ ఇచ్చినంత మాత్రాన ఓవర్‌టైమ్ పోదు. ఓవర్‌టైమ్ ఇవ్వనక్కర్లేదు అనాలంటే ఫెడరల్ లెక్కలో సాధారణంగా వారానికి కనీసం 684 డాలర్ల జీతం ఉండాలి, చేసే పని కూడా నిజంగా మేనేజర్ పనో, నిపుణుల పనో అయి ఉండాలి. కాలిఫోర్నియా, న్యూయార్క్, వాషింగ్టన్ రాష్ట్రాల్లో ఈ జీతం హద్దు ఇంకా చాలా ఎక్కువ. గ్యాస్ స్టేషన్‌లో రోజంతా కౌంటర్ చూసుకుంటూ, కూలర్‌లో సరుకు సర్దే మనిషికి బ్యాడ్జి మీద "మేనేజర్" అని రాసినా హక్కు అలాగే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ వాళ్ల సంగతి వేరు. ప్రోగ్రామర్లకు ఫెడరల్ చట్టంలో ప్రత్యేక మినహాయింపు ఉంది, కాబట్టి చాలామందికి ఓవర్‌టైమ్ రాదు.

పరిష్కారం: ముందు లెక్క వేసుకోండి. గంటకు 14 డాలర్లు అనుకుందాం. 40 గంటలకు 560. మిగిలిన 15 గంటలకు ఒకటిన్నర రెట్లు, అంటే గంటకు 21 చొప్పున 315. మొత్తం 875 రావాలి. చేతికి 770 ఇస్తున్నారంటే ప్రతి వారం 105 డాలర్లు మీ జేబులోంచి పోతున్నట్టే. కాలిఫోర్నియాలో రోజువారీ లెక్క కూడా ఉంది. రోజుకు 8 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు, 12 దాటితే రెండు రెట్లు.

ఎప్పుడు వచ్చారు, ఎప్పుడు వెళ్లారు, మధ్యలో ఎంతసేపు ఆగారు అన్నది ఏ రోజుకారోజు మీ సొంత నోట్‌బుక్‌లో రాసుకోండి. గంటల రికార్డు ఉంచాల్సిన బాధ్యత యజమానిదే. ఆయన ఉంచకపోతే కార్మికుడు చూపే సమంజసమైన అంచనాను ఆధారంగా తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 1946లోనే చెప్పింది. రాసుకున్నది చూపి, ఈమెయిల్‌లోనే అడగండి. నోటిమాట తర్వాత నిలబడదు.

సమస్య: ప్రాజెక్ట్ అయిపోయింది, బెంచ్ మీద (తర్వాతి ప్రాజెక్ట్ కోసం ఖాళీగా ఉన్న రోజుల్లో) జీతం ఆపేశారు

మనవాళ్లను అన్నిటికన్నా ఎక్కువగా బాధపెట్టేది ఇదే. క్లయింట్ దొరకలేదన్న కారణంతో హెచ్‌-1బి వర్క్ వీసా మీదున్న ఉద్యోగి జీతం ఆపడం చట్టవిరుద్ధం. ఎల్‌సీఏలో (హెచ్‌-1బి కోసం కంపెనీ లేబర్ డిపార్ట్‌మెంట్‌కు ఇచ్చే లేబర్ కండిషన్ అప్లికేషన్‌లో) ఒప్పుకున్న జీతం పని ఉన్నా లేకపోయినా ఇవ్వాల్సిందే. మీ అంతట మీరు సెలవు అడిగితే అప్పుడు వేరు. అందుకే కొన్ని కన్సల్టెన్సీలు "నేనే సెలవు కోరాను" అని లెటర్ మీద సంతకం పెట్టమంటాయి. పెట్టకండి, దయచేసి. హెచ్‌-1బి ఫైలింగ్ ఫీజు, దానికైన లాయర్ ఫీజు మీ జీతంలో కోయడం కూడా కుదరదు.

పరిష్కారం: ఎల్‌సీఏ కాపీ, పే స్టబ్‌లు (జీతం చీటీలు), "ఈ నెల ప్రాజెక్ట్ లేదు" అన్న ఈమెయిళ్లు మీ పర్సనల్ ఖాతాలో దాచుకోండి. లేబర్ డిపార్ట్‌మెంట్‌లోని వేజ్ అండ్ అవర్ డివిజన్‌కు డబ్ల్యూహెచ్‌-4 ఫారం పంపాలి. ఉల్లంఘన జరిగిన 12 నెలల్లోపే పంపాలి, అది దాటనివ్వకండి.

సమస్య: ఉద్యోగం వదిలాక ఆఖరి జీతం రాలేదు

ఇక్కడ రాష్ట్రమే అన్నీ తేలుస్తుంది. కాలిఫోర్నియాలో తీసేస్తే అదే రోజు ఇవ్వాలి, చెప్పకుండా మీరే మానేస్తే 72 గంటల్లో. కావాలని ఆలస్యం చేస్తే రోజుకో రోజు జీతం చొప్పున 30 రోజుల దాకా అదనంగా కట్టాలి. టెక్సాస్‌లో తీసేస్తే 6 రోజుల్లో, మీరే మానేస్తే తర్వాతి జీతం రోజున. అక్కడ టెక్సాస్ వర్క్‌ఫోర్స్ కమిషన్‌కు ఫిర్యాదు చేయడానికి 180 రోజులే గడువు.

సమస్య: లంచ్ టైమ్ కోసేస్తున్నారు, టిప్స్ ఓనర్ తీసుకుంటున్నారు

లంచ్ బ్రేక్ ఇవ్వాలని ఫెడరల్ చట్టంలో లేదు, కొన్ని రాష్ట్రాల్లో ఉంది. కానీ 20 నిమిషాల్లోపు విరామానికి జీతం కోయకూడదు. అరగంట కోయాలంటే ఆ అరగంటా మీకు ఏ పనీ ఉండకూడదు. తింటూ తింటూ కస్టమర్‌కు బిల్లు కొట్టారంటే అది పనిగంటే. టిప్స్ ఓనరూ మేనేజరూ ఉంచుకోకూడదని 2018లోనే చట్టం సవరించారు.

సమస్య: ఫిర్యాదు చేస్తే ఉద్యోగం, వీసా పోతాయేమోనని భయం

భయం సహజమే. అయితే ఫిర్యాదు చేసినందుకు తీసేయడం, గంటలు తగ్గించడం, బెదిరించడం నేరుగా చట్ట ఉల్లంఘనలు. ఫిర్యాదు చేసినవాళ్ల పేరు డివిజన్ గోప్యంగా ఉంచుతుంది. చేసిన పనికి డబ్బు వీసా స్థితితో సంబంధం లేకుండా ఇవ్వాల్సిందే. వీసాలో చిక్కు ఉంటే మాత్రం ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి.

ఫెడరల్ కేసుకు 2 ఏళ్లు, కావాలని ఎగ్గొట్టినట్టు తేలితే 3 ఏళ్లు గడువు. న్యూయార్క్, న్యూజెర్సీల్లో 6 ఏళ్లు. రావాల్సిన డబ్బుకు సమానంగా మరో అంత కలిపి ఇప్పించే వీలు కూడా ఉంది. వేజ్ అండ్ అవర్ డివిజన్ నంబరు 1-866-487-9243. ఫోన్ చేసేముందు కంపెనీ పేరు, చిరునామా, ఓనర్ లేదా మేనేజర్ పేరు, మీరు చేసే పని, జీతం ఎప్పుడెప్పుడు ఎలా ఇచ్చారన్నది ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టుకోండి, వాళ్లు అడిగేది అదే.