నార్‌ఫోక్ నుంచి మయామీ దాకా: శరత్కాలంలో తెరచాప పడవపై ఇంట్రాకోస్టల్ వాటర్‌వేలో ఎలా వెళ్లాలి?

అక్టోబరు వచ్చిందంటే అమెరికా తూర్పు తీరంలో పడవలున్నవాళ్ల చూపు దక్షిణానికి తిరుగుతుంది. చలికాలానికి ఫ్లోరిడా చేరడానికి రెండు దారులున్నాయి. ఒకటి అట్లాంటిక్ సముద్రం. ఆ దారిలో నార్త్ కరోలినా తీరంలోని కేప్ హ్యాటెరస్ దాటడమంటే అనుభవమున్నవాళ్లకూ టెన్షనే. రెండోది వర్జీనియాలోని నార్‌ఫోక్ దగ్గర మొదలయ్యే ఇంట్రాకోస్టల్ వాటర్‌వే. పెదగంజాం నుంచి చెన్నై వైపు సాగే మన బకింగ్‌హాం కాలువలాగే ఇదీ సముద్రాన్ని ఆనుకుని లోపలగా పోతుంది. నదులను, ఉప్పునీటి పాయలను తవ్విన కాలువలు కలుపుతాయి. మనది చాలాచోట్ల పూడిపోయింది, ఇది మాత్రం ఇంకా నడుస్తోంది.

వర్జీనియా, నార్త్ కరోలినాల్లో ఉంటూ సెయిలింగ్ నేర్చుకున్న తెలుగువాళ్లకు మొదటి పెద్ద ప్రయాణంగా దీన్నే సూచిస్తాను. అయితే ఫలానా తేదీకి మయామీలో ఉంటామని ఎవరికీ మాట ఇవ్వకండి. ఈ దారిలో తొందరే అసలు శత్రువు.

1. ముందు పడవను కొలవండి

దారి పొడవునా కదలని వంతెనల ఎత్తు పోటు నీటి మీద 65 అడుగులని లెక్క. నార్త్ కరోలినాలోని విల్కర్సన్ వంతెన మాత్రం 64 అడుగులే. మయామీలో ఇంకా తక్కువ ఎత్తు వంతెన ఒకటుంది, దాని సంగతి చివర్లో చెబుతాను. కాబట్టి మాస్ట్ (తెరచాప స్తంభం) కొనమీది యాంటెన్నాతో సహా కొలిచి, 63 దాటకుండా ఉంటేనే నిశ్చింత. కాగితాల్లో కంపెనీ ఇచ్చిన అంకెను నమ్మకండి, టేపు పెట్టి కొలవండి. పడవ నీటిలోకి ఐదడుగులు దిగితే ఫర్వాలేదు. ఆరు దాటితే రోజూ ఆటుపోట్ల లెక్క చూసుకోవాల్సిందే.

తెరచాప పడవే అయినా దారిలో ఎక్కువ భాగం ఇంజనే నడిపిస్తుంది. అందుకని డీజిల్ ఫిల్టర్లు, బెల్టు, నీటి పంపు ఇంపెల్లర్ (లోపల తిరుగుతూ నీటిని నెట్టే చక్రం) అదనంగా పెట్టుకోండి. ఇసుకలో ఇరుక్కుంటే వచ్చి లాగే సర్వీసులో బయల్దేరకముందే సభ్యత్వం తీసుకోండి.

2. తేదీ ఎంచుకోవడం

హరికేన్ల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా. నవంబరు మొదలయ్యేవరకు ఒక హద్దు దాటి దక్షిణానికి రావద్దని చాలా బీమా పాలసీలు షరతు పెడతాయి, మీ పాలసీ ఒకసారి చదవండి. నా మటుకు అక్టోబరు మూడో వారంలో నార్‌ఫోక్ వదలడం మంచిది. ఇంకా ఆలస్యమైతే చలితో పాటు చీకటి కూడా ఇబ్బంది పెడుతుంది. నవంబరు మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరిపాక, నార్త్ కరోలినాలో సాయంత్రం ఐదు దాటగానే పొద్దు గూకుతుంది. చీకట్లో ఈ దారిన నడపకండి. మయామీ సుమారు 1,090 మైళ్లు. రోజుకు 45 మైళ్ల చొప్పున ఇరవై నాలుగైదు రోజుల నడక, వాతావరణం కోసం ఆగే రోజులతో కలిపి ఐదారు వారాలు పెట్టుకోండి.

3. మొదటి మలుపు

నార్‌ఫోక్ దాటగానే దారి రెండుగా చీలుతుంది. 1805లో తెరిచిన డిస్మల్ స్వాంప్ కాలువ ఒకటి, 1859 నాటి ఆల్బెమార్ల్ అండ్ చెసపీక్ కాలువ రెండోది. మొదటిది అందంగా ఉంటుంది, కానీ లోతు ఆరడుగులే, నీటి కింద దుంగలు తగులుతుంటాయి. లోతు పడవలకు రెండోదే సరి. దాని మీద గ్రేట్ బ్రిడ్జ్ దగ్గర ఒకే లాకు ఉంది.

ఏ దారిన వెళ్లినా ఆల్బెమార్ల్ సౌండ్ అనే పెద్ద నీటి పాయ దాటాలి. వెడల్పు ఎక్కువ, లోతు తక్కువ కావడంతో ఓ మోస్తరు గాలికే పొట్టి, నిటారు అలలు లేస్తాయి. గాలి తగ్గేదాకా ఒక రోజు ఆగండి. ఇక్కడ నీటి మట్టాన్ని చంద్రుడి కన్నా గాలే ఎక్కువ మారుస్తుంది.

4. వంతెనలను పిలవడం

తెరుచుకునే వంతెనల సిబ్బందిని వీహెచ్ఎఫ్ రేడియోలో పిలవాలి. వర్జీనియా, నార్త్ కరోలినాల్లో ఛానల్ 13, సౌత్ కరోలినా నుంచి కిందికి ఛానల్ 9. వంతెన పేరు, మీ పడవ పేరు, ఏ వైపు వెళ్తున్నారో చెబితే చాలు. కొన్ని నిర్ణీత సమయాల్లోనే తెరుస్తారు, ఆ వేళలను ముందురోజు రాత్రే రాసి పెట్టుకోండి. క్యాంప్ లెజూన్ దగ్గర సైన్యం కాల్పుల సాధన జరిగే రోజుల్లో దారి మూసేస్తారు, అదీ కనుక్కోండి.

5. గుర్తులు చదవడం, వెనక్కి చూడడం

దక్షిణానికి వెళ్తుంటే ఎరుపు గుర్తులు కుడివైపు, ఆకుపచ్చవి ఎడమవైపు. కానీ సముద్రపు మొగల దగ్గర, నదుల్లో ఈ రంగులు తారుమారవుతాయి. అప్పుడు గుర్తు మీద అంటించిన పసుపు ఆకారం చూడండి: త్రికోణం కుడికి, చతురస్రం ఎడమకు ఉండాలి. రంగు ఏదైనా సరే.

ఎదుటి గుర్తుకు గురిపెట్టి తిన్నగా నడిపితే సరిపోదు. ప్రవాహం పడవను పక్కకు నెడుతుంది. ముక్కు గుర్తు వైపే ఉంటుంది, పడవ మాత్రం కాలువ అంచుకు జరిగిపోతూ ఉంటుంది. ప్రతి రెండు నిమిషాలకోసారి వెనుక దాటొచ్చిన గుర్తును చూడండి. వెనుక గుర్తు, మీరు, ముందు గుర్తు ఒకే వరుసలో ఉంటే మధ్యలో ఉన్నట్టు. మర్టిల్ బీచ్ దగ్గర రాతిలో తవ్విన ఇరుకు కాలువలో ఈ అలవాటు పడవను కాపాడుతుంది.

అది దాటగానే వక్కమా నది వస్తుంది. నల్లటి నీళ్లు, నీటిలోనే నిలబడ్డ సైప్రస్ చెట్లు. మొత్తం దారిలో నాకు అత్యంత ఇష్టమైన చోటు ఇదే. ఒక రాత్రి లంగరు వేసి ఉండిపోండి.

6. జార్జియా: ఆటుపోట్లతో లెక్క

ఇక్కడ నీరు ఏడు నుంచి తొమ్మిది అడుగులు లేచి దిగుతుంది. భయపడి చాలామంది ఈ భాగాన్ని సముద్రం మీదుగా దాటేస్తారు. నన్నడిగితే అలా వదులుకోకూడదు. హెల్ గేట్, లిటిల్ మడ్ రివర్, జెకిల్ క్రీక్ లాంటి లోతులేని చోట్లకు ఆటు సగం దాటాక వెళ్లకండి, పోటు ఎక్కుతున్నప్పుడే వెళ్లండి. ఒకవేళ అడుగు తగిలినా పెరిగే నీరే లేపుతుంది.

లంగరు గొలుసు లెక్క కూడా పోటుకే వేయాలి. ఆటులో లోతు 10 అడుగులు చూపిస్తే, దానికి 8 అడుగుల పోటు, నీటి నుంచి పడవ ముక్కు ఎత్తు 4 అడుగులు కలపండి. మొత్తం 22. దానికి ఐదు రెట్లు, అంటే 110 అడుగుల గొలుసు వదలాలి. పది అడుగులకే లెక్కేసి యాభై వదిలితే అర్ధరాత్రి లంగరు జారుతుంది. ఆరు గంటలకోసారి ప్రవాహం తిరగబడి పడవ కూడా తిరుగుతుంది కాబట్టి చుట్టూ జాగా ఉంచుకోండి.

రాష్ట్రం చివర కంబర్లాండ్ దీవి దగ్గర ఆగి ఒడ్డుకు దిగితే, ఓక్ చెట్ల కింద అడవి గుర్రాలు కనిపిస్తాయి. దగ్గరికి వెళ్లకూడదు.

7. ఫ్లోరిడా

చలి తగ్గుతుంది, వంతెనలు పెరుగుతాయి. మానటీలు (నెమ్మదిగా ఈదే పెద్ద నీటి జంతువులు) ఉండే చోట్ల వేగ పరిమితి బోర్డులు తప్పక పాటించండి. మయామీలో జూలియా టటిల్ వంతెన ఎత్తు 56 అడుగులే. మాస్ట్ అంతకన్నా పొడవైతే ఫోర్ట్ లాడర్‌డేల్ దగ్గర సముద్రంలోకి వెళ్లి, మయామీలో గవర్నమెంట్ కట్ అనే ఓడల కాలువ గుండా లోపలికి రావాలి. గల్ఫ్ స్ట్రీమ్ అనే సముద్ర ప్రవాహం తీరానికి దగ్గరగా ఉత్తరానికి పారుతుంది. ఉత్తరపు గాలి దానికి ఎదురైతే అలలు గోడల్లా లేస్తాయి. గాలి మళ్లేదాకా ఫోర్ట్ లాడర్‌డేల్‌లోనే ఉండండి.