ఉల్లిగడ్డ నేర్పితే వేరుశనగ గుళ్ళు మర్చిపోయింది

తెనాలిలో మా పెదనాన్న కిరాణా కొట్టుకి వాట్సాప్‌లో వచ్చే ఆర్డర్లు చదివి సరుకుల చిట్టీ రాసే చిన్న మోడల్ చేశాను. ఏడాదిపాటు బాగానే నడిచింది. తర్వాత మల్కాజిగిరిలో మా అన్నయ్య కొట్టుకీ అదే పెట్టాం. ఇక్కడ ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, పల్లీలు అంటారు, "జర జల్ది పంపుండ్రి" అంటారు. ఆ మెసేజ్‌లు రెండు వేలు పోగేసి ఒక రాత్రి కూర్చుని నేర్పాను. పరీక్షలో మార్కులు బ్రహ్మాండం. పొద్దున్నే పెదనాన్న ఫోన్: "ఏరా, వేరుశనగ గుళ్ళు అరకిలో అంటే శనగపప్పు రాసింది నీ మిషను. రాత్రి దానికేమన్నా పట్టించావా?"

నేను పరీక్ష పెట్టింది మల్కాజిగిరి మెసేజ్‌లతోనే మరి.

ఈ జబ్బు పాతదే. 1989లో మెక్‌క్లాస్కీ, కోహెన్ అనే పరిశోధకులు ఒక చిన్న న్యూరల్ నెట్‌వర్క్‌కి ముందు ఒకట్ల కూడికలు (ఒకటి కలిపే లెక్కలు) నేర్పి, ఆపైన రెండ్లవి నేర్పితే ఒకట్లవి చెరిగిపోయాయి. మోడల్లో తెనాలికో గది, హైదరాబాద్‌కో గది ఉండవు. అంతా అవే వెయిట్లలో, అంటే నేర్చుకున్నదంతా దాచుకునే లోపలి అంకెల్లో, కలిసిపోయి ఉంటుంది. ఎదురుగా ఉన్న మెసేజ్‌లో తప్పు తగ్గించడానికి వాటిని జరుపుతూ పోతే, పాత సంగతి అడిగే నాథుడుండడు.

కాబట్టి కొత్తది ముట్టుకునే ముందే పాత పరీక్ష కాగితం దాచండి. నేను శిక్షణలో వాడని 200 తెనాలి మెసేజ్‌లు పక్కన పెట్టాను. నేర్పకముందు ఒకసారి, నేర్పాక ఒకసారి వాటిమీద నడపాలి. మొత్తం మార్కులతో సరిపెట్టుకోకుండా సరుకువారీగా చూడండి, బియ్యం మార్కుల చాటున వేరుశనగ దాక్కుంటుంది.

అసలు మందు, పాతవి కొన్ని కొత్తవాటిలో కలిపి నేర్పడం. ఒక్కో విడతకి చూపించే 32 మెసేజ్‌ల బ్యాచ్‌లో 24 కొత్తవి, 8 పాతవి వేస్తున్నాను. లెర్నింగ్ రేటు, అంటే ఒక్కో అడుగులో వెయిట్లని ఎంత జరపాలనేది, కూడా దించండి. మొదట 0.00005తో నేర్పినదాన్ని రెండోసారి 0.00001తో మొదలుపెట్టాను.

పాతవాటిలో ఏవి దాచాలనే దగ్గరే నేను దెబ్బతిన్నాను. 500 మెసేజ్‌లకే చోటుందనుకోండి. 500 దాటాక వచ్చే ప్రతిదానికీ లాటరీ వెయ్యొచ్చు: 10,000వ మెసేజ్‌కి చోటు దొరికే అవకాశం 500/10,000, అంటే 5 శాతం. దొరికితే లోపలున్న ఏదో ఒకటి బయటికి పోతుంది. వచ్చిన అన్నిటికీ సమాన అవకాశం, వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ పాలు, పంచదార వందల్లో చేరి, ఎప్పుడో ఒకసారి అడిగే కుంకుడుకాయలు ఒక్కటీ మిగల్లేదు. ఇప్పుడు సరుకుకి ఇన్నని కోటా పెట్టి, ఆ కోటాలోనే లాటరీ వేస్తున్నాను. దాచేముందు ఫోన్ నంబర్లు, ఇంటి నంబర్లు తీసేయండి.

పాత మెసేజ్‌లు దాచుకునే వీల్లేదంటే 2016లో లీ, హోయం చెప్పిన దారి ఉంది. కొత్త మెసేజ్‌లన్నిటికీ ముందు పాత మోడల్ చేత జవాబులు రాయించి, 'వెల్లుల్లి 0.7, ఉల్లిపాయ 0.2' లాంటి అంకెలు భద్రం చేస్తాం. కొత్తది నేర్పేటప్పుడు వాటికి మరీ దూరం పోకుండా పట్టి ఉంచుతాం. కొత్త మెసేజ్‌లలో పాతవాటి పోలికే లేకపోతే దీనివల్ల పెద్దగా లాభం లేదు. పాత పనికి ముఖ్యమైన వెయిట్లు కదిలితే జరిమానా వేసే పద్ధతి గూగుల్ వాళ్ళ ఏఐ సంస్థ డీప్‌మైండ్ 2017లో చెప్పింది. నాలాంటి చిన్న పనికి ఆ లెక్కల కంటే దాచిన 500 మెసేజ్‌లే నయమనిపించింది.

లోరా అనే పద్ధతితో కొట్టుకో అడాప్టర్ (మోడల్‌కి పైన తగిలించే చిన్న అదనపు ముక్క) పెట్టమని మిత్రుడొకడు అన్నాడు. అసలు వెయిట్లు కదలవు కాబట్టి, అడాప్టర్ తీసేస్తే పాతది పాతలాగే ఉంటుంది. కానీ ఏ మెసేజ్‌కి ఏది తగిలించాలి? మల్కాజిగిరిలో ఒకావిడ "ఉల్లిగడ్డలు రెండు కిలోలు, వెల్లుల్లి పావుకిలో" అని ఒకే వాక్యంలో పంపుతుంది. ఆవిడ పుట్టిల్లు గుంటూరట. అందుకే ఒకే మోడల్‌తో ఉండిపోయాను.

ఇక పాత మోడల్ ఫైలు కనీసం నెలపాటు చెరపకండి. ఆ రోజు అది ఉండబట్టే, పెదనాన్న ఇంకా తిడుతుండగానే ఫోన్ చెవికి ఆనించుకుని పాతదాన్ని తిరిగి ఎక్కించాను.