రబీ లారీలు వరస కట్టకముందే: మిల్లులో కొత్త సిస్టమ్ పెట్టేవాళ్లకు జాగ్రత్తలు

నెల్లూరు జిల్లా పెన్నా డెల్టాలో రబీ కోతలు మార్చి, ఏప్రిల్ నెలల్లో ఊపందుకుంటాయి. కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం వైపు మిల్లుల్లో కొత్త కాటా, స్టాక్ సాఫ్ట్‌వేర్, సార్టెక్స్ (రంగు మారిన గింజలు ఏరే మిషను), ఏది పెట్టాలన్నా "సీజన్ లోపల అయిపోవాలి" అన్నదే అందరి మాట. చాలావరకు అయిపోతాయి కూడా. మిషను దిగుతుంది, కొబ్బరికాయ కొడతారు, ఫోటో దిగుతారు. అసలు ప్రశ్న జూన్‌లో లేస్తుంది: పెట్టిన డబ్బుకి ఏం మిగిలింది? అప్పటికి ప్రాజెక్ట్ నడిపినవాళ్లు ఇంకో ఊళ్లో ఇంకో పనిలో ఉంటారు.

ఈ జాగ్రత్తలు ఆ జూన్ కోసం. ప్రాజెక్ట్ మేనేజర్ అంటే సర్టిఫికెట్ ఉన్నవాళ్లే కానక్కర్లేదు. ఓనరు గారి అబ్బాయి బీటెక్ చేసొచ్చి ఈ పని నెత్తిన వేసుకున్నా ఇవే వర్తిస్తాయి.

మొదట చేయాల్సింది పాత లెక్క రాసిపెట్టుకోవడం. కొత్తది వచ్చాక పాతది ఎలా ఉండేదో ఎవరికీ గుర్తుండదు, గుర్తున్నవాళ్లు తలా ఒక రకంగా చెబుతారు. పోయిన సీజన్ కాటా చీటీలు, కొనుగోలు పుస్తకాలు తీసి కూర్చోండి. లారీ గేటు దాటినప్పటి నుంచి చీటీ చేతికొచ్చే దాకా ఎంతసేపు పట్టింది, రైతుకి డబ్బు ఎన్ని రోజులకు పడింది, తరుగు (తేమ, తాలు పేరుతో తూకంలో కోసే బరువు) మీద ఎన్ని గొడవలయ్యాయి, రికవరీ (ఆడించిన ధాన్యంలో బియ్యం శాతం) ఎంత వచ్చింది. సార్టెక్స్, కొత్త పాలిషర్ లాంటివి పెడుతుంటే ఈ రికవరీ దగ్గర చాలా జాగ్రత్తగా ఉండాలి. ప్రభుత్వానికి ఆడించి ఇచ్చే ధాన్యంలో పచ్చి బియ్యానికి 67 శాతం, ఉప్పుడు బియ్యానికి 68 శాతం అని లెక్క ఉంది. సొంత వ్యాపారంలో ఎవరి లెక్క వాళ్లది. వెయ్యి పుట్లు ఆడించారనుకుందాం. మన జిల్లాలో పుట్టి 850 కిలోలు, అంటే 850 టన్నులు. ఒక్క శాతం రికవరీ తేడా అంటే 8.5 టన్నుల బియ్యం. మిషను ఖరీదు తిరిగొస్తుందా రాదా అన్నది ఆ ఒక్క శాతంలోనే ఉంటుంది.

అందుకే పోల్చేటప్పుడు సాటి రకంతోనే పోల్చాలి. నెల్లూరు మసూరి అని పిలిచే ఎన్.ఎల్.ఆర్. 34449 ఒకరకంగా ఆడుతుంది, బీపీటీ 5204 ఇంకోరకంగా ఆడుతుంది. 17 శాతం తేమతో వచ్చిన సరుకూ, ఎండబెట్టి తెచ్చిన సరుకూ ఒకటి కాదు. పోయినేడు వానకు తడిసిన ధాన్యం పక్కన ఈ ఏడు ఎండ ధాన్యం పెట్టి "చూశారా మా మిషను" అనే సేల్స్ వాళ్లు ఉంటారు. రకం, తేమ, నెల, ఈ మూడూ రాయని లెక్కను నమ్మొద్దు.

తర్వాత, ప్రయోజనాన్ని కొలిచేలా రాయండి. "పారదర్శకత పెరుగుతుంది", "పని వేగవంతమవుతుంది" లాంటి వాక్యాలు ప్రెజెంటేషన్‌లో బాగుంటాయి, కాటా దగ్గర పనికిరావు. "మే నెలాఖరుకి చీటీ మీద తేమ, తరుగు అచ్చయ్యి ఉంటాయి, తరుగు గొడవలు పోయినేటి కంటే సగానికి తగ్గుతాయి" అని రాస్తే అయిందో లేదో ఎవరైనా చెప్పగలరు. సాఫ్ట్‌వేర్ ఎక్కించడం ఒకటి, దాన్ని జనం వాడటం ఇంకోటి, వాడినందువల్ల డబ్బు మిగలడం మూడోది. మొదటిది కాగానే బిల్లు క్లియర్ చేసి చేతులు దులుపుకోవడం మన దగ్గర బాగా అలవాటు.

ఎవరికి నష్టమో కూడా అదే కాగితం మీద రాయాలి. తరుగు చీటీ మీద అచ్చయితే మధ్యలో సర్దుబాటు చేసే దళారీకి పట్టు పోతుంది. బస్తాల లెక్క కంప్యూటర్‌లో పడితే హమాలీ మేస్త్రీకి కూలీ లెక్క మారుతుందేమోనన్న అనుమానం వస్తుంది. వాళ్లతో జనవరిలో మాట్లాడితే అది మాటామంతీ. మార్చిలో లారీలు రోడ్డు మీద నిలబడి ఉన్నప్పుడు మాట్లాడితే బేరం, అదీ మనం ఓడిపోయే బేరం.

ఇక అన్నిటికంటే ఎక్కువగా వదిలేసే విషయం. పాత గుమాస్తా ఒకాయన డెమో అంతా ఓపికగా చూసి, ఒక్కటే అడిగారు: "అంతా బాగుంది సార్, మీరు పోయినాక దీన్ని ఎవురు చూస్తారు?" ఆ గదిలో జవాబు ఎవరి దగ్గరా లేదు. ప్రయోజనానికి ఒక మనిషి ఉండాలి, పేరుతో సహా. ప్రాజెక్ట్ మేనేజర్ కాదు, వెండర్ అసలే కాదు. ఆ లాభం ఎవరి రోజువారీ పనిలో కనబడుతుందో వాళ్లు. ప్రిన్స్2 అనే ప్రాజెక్ట్ నిర్వహణ పద్ధతిలో కూడా లాభం వచ్చిందని చూపించే బాధ్యత సీనియర్ యూజర్ (వాడేవాళ్ల తరఫున ఉండే పెద్ద) మీదే పెడతారు. మిల్లులో అయితే తరుగు గొడవలకు యార్డు సూపర్‌వైజర్, చెల్లింపుల వేగానికి అకౌంటెంట్, రికవరీకి మిల్లు ఆపరేటర్. పనికి ముందే ఒప్పించండి. తన పేరు పక్కన అంకె పడుతుందని తెలిసిన మనిషి డిజైన్ అప్పుడే గట్టి ప్రశ్నలు వేస్తాడు. అవి విసుగు పుట్టించినా వినాలి.

ఉదాహరణకి పుట్టి సంగతే చూడండి. బయటి నుంచి కొన్న సాఫ్ట్‌వేర్‌కి కిలోలు, క్వింటాళ్లు తెలుసు. రైతు కాటా దిగగానే అడిగేది "ఎన్ని పుట్లు వచ్చినాయి?" అని. స్క్రీన్ మీద 127.50 క్వింటాళ్లు అని ఉంటుంది. గుమాస్తా కాల్‌క్యులేటర్ తీసి 12,750ని 850తో భాగించి, పదిహేను పుట్లని చెప్పి, పక్కనున్న పొడుగు నోటుబుక్కులో రాసుకుంటాడు. వారం తిరిగేసరికి నోటుబుక్కే అసలు లెక్క అయిపోతుంది, కంప్యూటర్‌లో సాయంత్రం కూర్చుని ఎక్కిస్తారు. నెలాఖరు రిపోర్టులో అంతా సవ్యంగానే కనిపిస్తుంది. సరిచేయాలంటే చీటీ మీద పుట్ల గడి ఒకటి చేర్చితే చాలు, గంట పని. కానీ అది తెలియాలంటే కాటా గదిలో బల్ల పక్కన కూర్చోవాలి. నేనైతే ఎక్కడికి వెళ్లినా ముందు రెండో నోటుబుక్కు ఉందా అని వెతుకుతాను. ఉంటే కొత్త సిస్టమ్‌లో ఏదో కొరవడిందన్నమాట, గుమాస్తాని తిట్టి లాభం లేదు.

కొత్తది మొదలుపెట్టే రోజు ఎప్పుడు పెట్టుకోవాలి? రబీ మధ్యలో మాత్రం వద్దు. నీళ్లిచ్చిన ఏడాది రబీ తర్వాత ఎడగారు (రెండో) పంట ఉంటుంది, సరుకు తక్కువ, ఒత్తిడి తక్కువ. పాతదీ కొత్తదీ పక్కపక్కన నడిపి చూసుకోవడానికి అంతకంటే మంచి అదను దొరకదు. ఎడగారులో తప్పులు బయటపెట్టుకుని రబీకి గట్టిపడాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పెద్ద మార్పులేవీ పెట్టుకోవద్దు. మనకి ఈశాన్య రుతుపవనాల వానలు, వాయుగుండాలు అప్పుడే. 2021 నవంబరు వరదల్లో పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు దెబ్బతిన్నాయి, నెల్లూరు పక్కన జాతీయ రహదారి మీద రాకపోకలు ఆగాయి. ఇంజనీరు చెన్నై నుంచి వస్తాడన్న ధీమాతో ఉంటే అంతే సంగతులు. కరెంటు, నెట్ పోయినప్పుడు కాగితం చీటీ రాసుకోవడానికి ఏర్పాటు ఉండాలి. అయితే కరెంటు వచ్చిన ఎన్ని గంటల్లో ఆ చీటీలు సిస్టమ్‌లో ఎక్కాలో, ఎవరు ఎక్కించాలో కూడా అప్పుడే రాసిపెట్టాలి. లేకపోతే తాత్కాలిక చీటీలే శాశ్వతమైపోతాయి.

ధాన్యం కాకుండా రొయ్యల వైపు పనిచేసేవాళ్లకు ఇంకో జాగ్రత్త. ఏ లెక్క చూసుకుని పెట్టుబడి పెట్టారో ఆ లెక్క మధ్యలో మారిపోవచ్చు. అమెరికాకి పంపే సరుకు మీద 2025 ఆగస్టులో సుంకం 50 శాతానికి పెరిగింది. అలాంటప్పుడు ఆ మార్కెట్‌ని నమ్ముకుని ప్రాసెసింగ్ ప్లాంటులో కౌంట్ గ్రేడింగ్ (రొయ్యల్ని సైజును బట్టి వేరుచేసే) లైన్ వేస్తున్నవాళ్లు పాత కాగితం పట్టుకుని అలాగే ముందుకు పోవడం అర్థం లేని పని. ప్రతి పెద్ద చెల్లింపుకి ముందు ఒకసారి ఆ కాగితం తెరిచి, ఇప్పటికీ గిట్టుబాటవుతుందా అని చూడాలి. కాదనిపిస్తే ఆపమని యజమానికి చెప్పాలి. సగం కట్టిన పని ఆపమనడం కష్టమే, కానీ జీతం ఇస్తున్నది అందుకు కూడా. చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలో కొత్త కోత మిషనైనా అంతే: స్లాబులు ఎక్కువ తెగితే సరిపోదు, కొనే ఆర్డరు చేతిలో ఉండాలి.

చివరగా అప్పగింత. వెండర్‌కి ఇచ్చే ఆఖరి వాయిదాని ప్రారంభోత్సవానికి కాకుండా ఏప్రిల్ రద్దీ దాటిన తర్వాతి తేదీకి కట్టండి, ఒప్పందంలోనే. పరిశీలన తేదీలు ఇప్పుడే క్యాలెండర్‌లో పెట్టండి: ఏప్రిల్ మధ్యలో ఒకసారి, జూన్‌లో లెక్కలు తేలాక ఒకసారి, మళ్లీ వచ్చే రబీ అయ్యాక ఒకసారి. మూడోది ఎవరూ చేయరు, నిజం తెలిసేది అందులోనే. ఆ రోజుల ఖర్చు బడ్జెట్‌లో ముందే చూపించకపోతే తర్వాత ఎవరూ ఇవ్వరు. కాటా దగ్గర కుర్రాళ్లు సీజన్ కాగానే వేరే పనికి పోతారు, కాబట్టి ట్రైనింగ్ ఏటా ఫిబ్రవరిలో మళ్లీ ఉండాలి, దానికి మీరు రానవసరం లేకుండా మిల్లులోనే ఒకరిని తయారుచేసి వెళ్లాలి. అడ్మిన్ పాస్‌వర్డ్, ఏఎంసీ (ఏటా మరమ్మతుల ఒప్పందం) కాగితం, తరుగు పట్టిక మార్చే విధానం, ఈ మూడూ ఓనరు బీరువాలో ఉన్నాయో లేదో చూసుకోండి. చాలాచోట్ల ఇవి వెండర్ మనిషి ఫోన్‌లో ఉంటాయి, అతను ఉద్యోగం మారితే నంబరు కూడా మారిపోతుంది.