జెకిల్ అండ్ హైడ్ అని ఎవరిని అనాలి?

ఎవరైనా రెండు నాలుకలతో మాట్లాడితే చాలు, "వాడో జెకిల్ అండ్ హైడ్" అనేస్తున్నాం, అది సరికాదు. 1886లో స్టీవెన్సన్ రాసిన నవలికలో లండన్‌లో మంచివాడిగా పేరున్న డాక్టర్ జెకిల్ ఓ రసాయనం కలుపుకుని తాగి హైడ్ అనే దుర్మార్గుడిగా మారతాడు, కొన్నాళ్లకు అది తాగకుండానే మారిపోవడం మొదలవుతుంది. ఒకరోజు నిద్ర లేచి చూసుకుంటే దుప్పటి మీద నరాలు తేలి, దట్టంగా వెంట్రుకలున్న చెయ్యి, అది హైడ్‌ది. నాకు ఒళ్లు జలదరించే చోటు అదే.

జెకిల్ మంచితనం నటన కాదు, హైడ్ చెడ్డతనమూ నిజమే. కాబట్టి ఈ మాట వాడే ముందు ఒక్కటి చూసుకోండి, ఆ మనిషి మంచితనం నిజమా, నటనా? నటనైతే మనకు గోముఖ వ్యాఘ్రం, మేకవన్నె పులి ఉండనే ఉన్నాయి. పగలంతా పిల్లలకు గోరుముద్దలు తినిపించి, రాత్రి తాగొచ్చి అదే చేత్తో కొట్టే మనిషి ఉంటాడు చూడండి, అతనిలో రెండూ నిజమే, అక్కడ వాడండి. ఇంకోటి, కథలో ఉన్నది ఒక్కడే మనిషి, అందుకని మంచి అన్నను, చెడ్డ తమ్ముణ్ని పట్టుకుని "ఒకడు జెకిల్, ఒకడు హైడ్" అంటే కుదరదు. మానసిక జబ్బుతో ఉన్నవాళ్లను మాత్రం దయచేసి ఈ మాట అనకండి, వాళ్ల మనసుకు చాలా గట్టిగా తగులుతుంది.